ఎడమ పక్క ఎండ

ఏప్రిల్ 7, సోమవారం

నువ్వు దొంగవి. ఈ నోటుబుక్కు నీది కాదు, అట్ట మీద నీ పేరు లేదు, అయినా తెరిచావు. నిలబడి చదువుతున్నావో, కూర్చుని చదువుతున్నావో నాకు అనవసరం. ఇంకొకరి లోపలి గదిలోకి తలుపు కొట్టకుండా వచ్చినవాణ్ణి దొంగ అనే అంటారు. సమాధానం ఉంటే చెప్పు. లేదంటే పుస్తకం మూసెయ్.

మూయవు. మనుషులు మూయరు, నాకు తెలుసు.

సరే, విషయం. ఇవాళ పొద్దున హిమజ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇవాళ్టి నుంచి స్టూడియో కారు వస్తుంది. తీసుకెళ్తుంది, దింపుతుంది. మీరు రావొద్దు," అంది. మీరు! మొగుణ్ణి 'మీరు' అనడం ఫ్యూడల్ అవశేషమని రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదే వాదించి 'నువ్వు' అనిపించుకున్నవాణ్ణి నేను. ఇరవై రెండేళ్లు అంది. ఇవాళ ఆ అవశేషాన్ని తవ్వి తీసి నా ముందు పెట్టింది. ఇంకోసారి స్టూడియో గేటు దగ్గర కనిపిస్తే సూట్‌కేసు సర్దుకుని శ్రీనగర్ కాలనీలో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోతానని కూడా అంది. ఉత్త బెదిరింపు.

కారణం అడగలేదు. నాకు తెలుసు. బండి.

నిన్న శ్రీకృష్ణ సినిమాకి గుమ్మడికాయ కొట్టారు, షూటింగ్ అయిపోయిందని వాళ్లింట్లో భోజనాలు. శ్రీకృష్ణ యూనివర్సిటీలో నాతో కలిసి గోడల మీద నినాదాలు రాసినవాడు. ఇప్పుడు హీరోల నోళ్లలో రాస్తున్నాడు, జూబ్లీహిల్స్‌లో ఉంటున్నాడు. ఆ సినిమాలో హీరోయిన్‌కి గొంతు హిమజది. 2006లో వాడూ నేనూ ఒకే వారం, ఒకే షోరూములో, ఒకే ఎరుపు మోటార్ సైకిల్ కొన్నాం. వాడిది సెల్లారులో గుడ్డ కప్పుకుని పడుకుని ఉంది. అందరి ముందూ గుడ్డ లాగి చూపించాడు. నిన్న కొన్నట్టుంది. హిమజ వంగి, సీటు కింది ప్లాస్టిక్ మీద అరచెయ్యి ఆనించి, "అబ్బ, మన బండీ ఇదే రంగు కదూ ఒకప్పుడు," అంది.

ఒకప్పుడు.

మన బండి ఇప్పుడు పాలిపోయి గులాబీ రంగుకొచ్చింది. నల్లగా ఉండాల్సిన మడ్‌గార్డు బూడిద. "ఏం పరబ్రహ్మం, పార్టీ మారావా?" అని సభల్లో ఎగతాళి. నాస్తికుడికి ఆ పేరేమిటని అడక్కు. మా నాన్న అర్చకుడు, ఆ వాదనలో నేను ఎప్పుడో ఓడిపోయాను.

అంతే. అలాంటి బండి ఎక్కడానికి ఆమెకు నామోషీ. బండి బాగుచేస్తే సరిపోతుంది. మార్చిలో జరిగినదానికీ దీనికీ సంబంధం లేదు. అది అయిపోయిన విషయం, ఇక్కడ రాయను.

ఏప్రిల్ 8

కారు తెల్లది. సాయంత్రం 6.40కి దింపింది.

ఏప్రిల్ 10, గురువారం

ఒక సిద్ధాంతం తేలింది. ఎండ అందరి మీదా సమానంగా కాస్తుందన్నది పచ్చి అబద్ధం. ఎండ వర్గం చూసి కాస్తుంది. సెల్లారు ఉన్నవాడి ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. కృష్ణానగర్ సందులో అద్దెకుండేవాడి ఎరుపు వెలిసిపోతుంది. ఆ తర్వాత సెల్లారువాడు మనల్ని చూసి, 'రంగు నిలుపుకోలేకపోయావు' అంటాడు! దీని మీద పత్రికకి వ్యాసం రాయాలి. రెండు పేజీలు అప్పుడే అయ్యాయి. రాస్తుండగా హిమజ బాల్కనీ తీగ మీది తువ్వాళ్లను తడిగానే లోపలికి తెచ్చి, "ఈ సందులో ఎండ పొడ రాదు కదా, మూడు రోజులైనా ఆరట్లేదు," అని కుర్చీల మీద వేసింది. నేను వ్యాసంలో ఉన్నాను.

కొబ్బరినూనె రాస్తే ప్లాస్టిక్ మెరుస్తుందని మెకానిక్ చెప్పాడు. అరసీసా పట్టించాను. హిమజ మెట్లు దిగుతూ చూసి, "బండికి తలంటా? కుంకుడుకాయలు నానబెట్టనా?" అంది. నవ్వబోయాను. అప్పటికే కారు హారన్ కొట్టింది, ఆమె వెళ్లిపోయింది.

ఏప్రిల్ 11

సందులోని దుమ్మంతా నూనెకు అంటుకుంది. 6.50.

ఏప్రిల్ 13, ఆదివారం

కింది వాటాలో ఉండే ఓంప్రకాష్ సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంటు. షేక్‌పేటలో పుట్టి పెరిగినవాడు, యాభై దాటాయి. కొత్త వస్తువును పాతది చేయడం అతని పని. నిన్న కొన్న స్కూటర్ అప్పగిస్తే, ఎల్లుండికి దాని మీద పాతికేళ్ల ఎండా వానా కురిపించి ఇస్తాడు. సబ్బుతో నూనె వదలగొడుతుంటే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది సార్ గిది? బండి మీద బోండాలు ఏస్తున్నవా?"

"కొత్తదానిలా చెయ్యాలి ఓంప్రకాష్."

"నేను కొత్తయి పాతయి చేస్త. నువ్వు ఉల్టా వచ్చినవ్." వంగి గోటితో గీరాడు. గోటి కింద గులాబీ పొడి చేరింది. "జర చూడు. దీని మీద పెయింటే లేదు. రంగు ప్లాస్టిక్‌లనే కలిపి పోసిండ్రు. పైన తోలు సచ్చింది, గంతే. తోలు తీస్తే ఎరుపు ఆడ్నే ఉంటది. ఫికర్ చెయ్యకు."

ఆడ్నే ఉంటది! ఇంత మంచి మాట ఈ మధ్య ఏ సైద్ధాంతిక వ్యాసంలోనూ చదవలేదు.

పద్ధతి చెప్పాడు. నీళ్ల ఉప్పుకాగితం, మొదట గరుకుది, తర్వాత మెత్తనిది, ఆ తర్వాత ఇంకా మెత్తనిది. తడి ఆరకూడదు, తొందర పడకూడదు. పైన పాలిష్ ముద్ద, చివర మైనం. నల్ల భాగాలకు రుద్దుడు పనికిరాదు, వేడిగాలి పట్టించాలి. తన పనికి వాడే వేడిగాలి గన్ను తెచ్చిచ్చాడు. "గాలి ఒక్క తాన ఆపకు సార్. చెయ్యి ఆడిస్తనే ఉండాలె. ఆపినవనుకో, వంకర తిరుగుతది. ఇగ దేవుడొచ్చినా సక్కగ కాదు."

"దేవుడు లేడు."

"గందుకే చెయ్యి ఆడియ్యమంటున్న."

ఎడమ పక్క గోడవైపు ఉంది. కుడి పక్కతో మొదలుపెట్టాను.

ఏప్రిల్ 17, గురువారం

శ్రీకృష్ణ రాసిన మాటలు చదివాను. హిమజ స్నానానికి వెళ్లినప్పుడు ఆమె సంచిలో కాగితాలు బయటికి కనిపిస్తున్నాయి. కొంచెమే కనిపిస్తున్నాయి, మిగతావి నేను తీశాను.

అందులో ఆ హీరోయిన్ పిల్ల అంటుంది: "నువ్వు రాకపోయినా పర్లేదు. వస్తావేమోనని చూడ్డం నాకిష్టం."

చవకబారు వాక్యం. ఇందులో సమాజం ఎక్కడుంది? ఉత్పత్తి సంబంధాలు ఎక్కడున్నాయి? నాలుగు వందల వ్యాసాలు రాసినవాణ్ణి, స్త్రీ స్వేచ్ఛ మీదే పదకొండు, ఒక్కదానిలోనైనా ఇలాంటి నీళ్ల వాక్యం ఉందేమో చూపించమను.

సాయంత్రం వంటింట్లో పప్పు కడుగుతూ ఆమె ఆ వాక్యాన్ని పలికి చూసుకుంటోంది. ఒకసారి నవ్వుతున్నట్టు. ఒకసారి గొంతు పట్టుకున్నట్టు. 'పర్లేదు' దగ్గర ఒక చిన్న ఊపిరి. అది డబ్బింగ్ అని నాకు తెలియదా? తెలుసు. కాని వాడు రాసిన అక్షరం ఆమె నాలుక మీద తిరుగుతోంది, నా ఇంట్లో, నేను తెచ్చిన పప్పు దగ్గర. నా వాక్యం ఒక్కటి కూడా ఆమె ఎప్పుడూ పైకి చదవలేదు. ఫుట్‌నోట్లు ఎక్కువట.

6.45.

ఏప్రిల్ 20, ఆదివారం

రంగు పోల్చుకోవడానికి జూబ్లీహిల్స్ వెళ్లాను. రంగు పోల్చుకోవడానికే.

"ఏరా బ్రహ్మం! విరాళాల పుస్తకం తెచ్చావా?"

"నీ బండి చూద్దామని."

"అంటే నన్ను చూడ్డానికి కాదన్నమాట. పద, మా ఎర్రావిడ సెల్లారులోనే ఉంది."

సెల్లారులో ఏసీ గాలి తగుల్తోంది. బళ్లకి ఏసీ! గుడ్డ తీశాడు. నా బండికి విప్పి తెచ్చిన గులాబీ ముక్క దాని పక్కన పెట్టి చూస్తుంటే, వాడు కూర్చుని మీటరు చూపించాడు. పందొమ్మిదేళ్లకు మూడు వేల కిలోమీటర్ల చిల్లర.

"పెళ్లి పట్టుచీర లాంటిదిరా ఇది. కట్టం, పారెయ్యం. నీదాన్ని చూస్తే కుళ్లొస్తుంది నాకు. ఎన్ని ఊళ్లు తిరిగింది! వెనకాల మనిషిని ఎక్కించుకుని ఎన్ని సభలకెళ్లావు!"

వాడికి నా మీద కుళ్లు! నాకు మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా వాడే పట్టుకుపోతాడా?

తిరిగి గుడ్డ కప్పుతూ అన్నాడు: "హిమజగారు ఈ సినిమాకి ఒకే ఒక్క షరతు పెట్టారు, తెలుసా? కారు. తీసుకెళ్లాలి, దింపాలి. ఇంకేమీ అడగలేదు."

"ఎందుకట?"

గుడ్డ మూల సరిచేశాడు. "ఆవిణ్ణే అడగరా. నన్నడిగితే డైలాగు రాస్తాను."

అంటే బండే. బండి బాగుండి ఉంటే కారు అడిగేదా? నా వాదన రుజువైంది.

ఏప్రిల్ 22, మంగళవారం

మడ్‌గార్డు విప్పి అరుగు మీద పెట్టి వేడిగాలి పట్టిస్తున్నాను. అద్భుతం. బూడిదరంగు చూస్తుండగానే తడిసినట్టయి, లోపలి నుంచి నలుపు పైకి తేలింది. ముందు భాగం సగం అయిపోయింది. సమయం ఎంతయిందో చూడలేదు. సరే, చూశాను, 6.30. సందు మలుపులో తెల్ల కారు ఆగింది. హిమజ దిగింది. రెండో తలుపు తెరుచుకుంది. శ్రీకృష్ణ దిగాడు. ఆమె సీటులో మరిచిపోయిన ఫ్లాస్కు అందించాడు. ఆమె ఏదో అంది. వాడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తలుపు మూసి కారు వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది? నిమిషం. అంతే.

కాలిన వాసనొచ్చింది.

మడ్‌గార్డు మధ్యలో నా అరచెయ్యంత మేర అప్పడంలా ఉబ్బి, పక్కకి వాలిపోయింది. ఓంప్రకాష్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "చెయ్యి ఆపినవ్ కద? ఏడ చూస్తున్నవ్ సార్?"

హిమజ నా పక్క నుంచే మెట్లెక్కింది. మడ్‌గార్డును చూసింది, నన్ను చూసింది. ఏమైనా అని ఉంటే జవాబు తయారుగా ఉంది.

ఏప్రిల్ 23

6.30. ఫ్లాస్కు ఆమె చేతిలోనే ఉంది.

ఏప్రిల్ 27, ఆదివారం

కుడి పక్క పూర్తయింది. ఇది రాయాలి, కాస్త సంతోషంగా రాయాలి. మూడో కాగితంతో రుద్దేటప్పుడు పాలలాంటి గులాబీ నీళ్లు కారాయి, కారి కారి తేటపడ్డాయి, తుడిస్తే ఎరుపు. అచ్చం 2006. పాలిష్ పట్టాక అందులో నా మొహం, ఎదుటి మేడ, తీగ మీది తువ్వాలు అన్నీ కనిపించాయి. 'ఆడ్నే ఉంటది' అన్నాడు, ఉంది.

ఎడమ పక్క మొదలుపెడదామని బండి తిప్పి నిలబెట్టాను. ఓంప్రకాష్ టీ గ్లాసుతో వచ్చాడు. ఎడమ పక్క చూశాడు. తాను కుడి పక్క మొదట గీరిన చోటు గుర్తు చేసుకున్నట్టు అటు చూశాడు. మళ్లీ ఇటు.

"సార్, గీ బండి రంగు ఇంటికాడ పోలే."

"అంటే?"

"మన సందుల ఎండ ఏడిది? తువ్వాళ్లే ఆరయి. కుడి పక్క జర మాసింది, గంతే. ఎడమ పక్క సచ్చింది, చూడు, పగుళ్లు గూడ ఇచ్చింది. గిసొంటిది సినిమాల చెయ్యాల్నంటే నేను ముందు అడుగుత, ఎండ ఏ దిక్కు కెళ్లి కొట్టింది, ఏ పూట కొట్టింది అని. గిది పొద్దుమూకే ఎండ. రోజూ ఒక్క తావుల, ఒక్క తీరుగ నిలబెట్టిండ్రు. ఏండ్లకేండ్లు. సాయంత్రం పూట ఏడ పెడ్తవ్ సార్?"

"ఆఫీసు దగ్గర."

నాకు ఆఫీసు లేదు. ఇంట్లోనే రాస్తాను. పైన నా కుర్చీ చప్పుడు ఓంప్రకాష్ రోజూ వింటాడు.

"అచ్ఛా," అన్నాడు. టీ తాగి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఎడమ పక్క ఇవాళ మొదలుపెట్టలేదు. చేతులు నొప్పి. ఎండ మీది వ్యాసం పత్రికకి పంపలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

ఫిల్మ్‌నగర్ వెళ్లాను. నడిచే వెళ్లాను. ఇది కాపలా కాదు, పరీక్ష. ఒక ప్రతిపాదన వచ్చినప్పుడు దాన్ని క్షేత్రంలో సరిచూడటం భౌతికవాదుల పద్ధతి.

డబ్బింగ్ థియేటర్ ఎదురు గోడ. మధ్యాహ్నం మూడున్నర. ఓంప్రకాష్ చెప్పింది నిజం. ఎండ పడమర నుంచి తిన్నగా ఆ గోడ మీదికే వస్తుంది. నేల మీద నా బండి స్టాండు దిగబడి దిగబడి ఒక గుంట. దాని పక్కన నూనె మరక, దోసె అంత. ఆమె ఇక్కడ డబ్బింగ్ మొదలుపెట్టినప్పటి నుంచీ, పదకొండేళ్ల గుంట.

వాచ్‌మన్ సలాం కొట్టాడు. "సార్, మూడు వారాలైంది డ్యూటీకి రాక. తబియత్ బాగలేదా?"

డ్యూటీ అన్నాడు.

ఆమె ఆటోల కోసం ఇబ్బంది పడకూడదని వచ్చేవాణ్ణి. పనిచేసే భార్య. అందులో తప్పేముంది? ఆరింటికి పని అయ్యేది. మూడున్నర నుంచి ఎందుకు నిలబడ్డానంటే

ఈ వాక్యం పూర్తిచేయను.

ఆ గుంటనే చూస్తూ ఎంతసేపున్నానో. తలెత్తేసరికి పై కిటికీలో హిమజ.

6.40. లోపలికి వచ్చింది, చెప్పులు విడిచింది, పడగ్గదిలోకి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 29

సూట్‌కేసు మంచం కింద నుంచి బయటికొచ్చింది. దుమ్ము తుడవడానికేమో.

ఏప్రిల్ 30

ఇంకా బయటే ఉంది. మూత తెరిచి ఉంది. అందులో రెండు చీరలు. కారు ఎన్నింటికి వచ్చిందో చూడలేదు. నిజంగానే చూడలేదు.

మే 1, గురువారం

పదింటికి సభ. నేను మాట్లాడాల్సిన విషయం: 'శ్రామిక మహిళ - భద్రత'. పోలేదు. ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాను. ఇరవై ఏడేళ్లలో మేడే సభకు పోకపోవడం ఇదే.

కింద బండి దగ్గర ఉప్పుకాగితం నానబెట్టుకుని కూర్చున్నాను. హిమజ దిగి వచ్చింది. స్టూడియోకి సెలవు. కుడి పక్క చూసింది.

"బాగుంది. అద్దంలా ఉంది."

"ఎక్కు. షేక్‌పేట దాకా అలా వెళ్లొద్దాం."

ఎక్కలేదు. చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చింది. వంగి, ఆ రోజు శ్రీకృష్ణ బండి మీద ఆనించినట్టే, అరచెయ్యి ఆనించింది.

"ఇది ఎలా పోయింది?"

"ఎండకి."

"ఎక్కడి ఎండకి?"

టీవీ చర్చల్లో నలుగురిని ఒక్కణ్ణే నిలదీసినవాణ్ణి. ఉప్పుకాగితాన్ని మళ్లీ నీళ్లలో ముంచాను.

"మొదటి ఏడాది ఆ గోడ దగ్గర బండి కనిపిస్తే ఎంత బాగుండేదో తెలుసా," అంది. "డబ్బింగ్ మధ్యలో ఆపినప్పుడల్లా కిటికీ దగ్గరికెళ్లి చూసుకునేదాన్ని. అదిగో, నా మనిషి అని. తర్వాత నాతోపాటు అందరూ చూడ్డం మొదలెట్టారు. 'మేడం, మీ సెక్యూరిటీ వచ్చాడు' అనేవాళ్లు. నవ్వేసేదాన్ని. మార్చిలో రికార్డింగ్ జరుగుతోందని ఎర్ర బల్బు వెలుగుతుంటే తలుపు తోసుకుని వచ్చావు. లోపల ఎవరున్నారు?"

"సౌండ్ ఇంజినీరు."

"ఇంకా?"

"నువ్వు."

"ఏం చేస్తున్నాను?"

"ఏడుస్తున్నావు. సినిమాలో."

"ఆ ఏడుపు మళ్లీ ఆరుసార్లు ఏడ్చాను. కుదరలేదు. ఆ సినిమావాళ్లు గొంతు మార్చేసుకున్నారు. నాకున్నది అదొక్కటే, గొంతు. దానికి కూడా కాపలా పెడితే ఇంకేం పలుకుతుంది?"

నేను ఏదో మొదలుపెట్టాను. 'నా ఉద్దేశం' అనే మాటతో మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మొన్న నిన్ను గోడ దగ్గర చూసి, వెంటనే వెళ్లిపోదామనే అనుకున్నాను. ఇంటికొచ్చి సూట్‌కేసు తీశాను. కాని నువ్వు తలుపు వైపు చూడట్లేదు. అంత ఎండలో నించుని నేల వైపు చూస్తున్నావు. అందుకే మూడు రోజుల నుంచి రెండు చీరల దగ్గరే ఆగాను."

'నువ్వు' అంది. ఇరవై నాలుగు రోజుల తర్వాత. అది నేను లెక్కపెట్టుకోలేదు, ఇప్పుడే ఈ పుస్తకంలో వెనక్కి తిప్పి చూశాను.

"ఊళ్లో అందరి డిమాండ్లూ రాసిపెట్టావు కదా," అంది. "నావీ రాసుకో. కాగితం తెచ్చుకో."

పైకి వెళ్తే చేతికి ఇదే దొరికింది. పట్టుకుని దిగాను.

"ఇందులోనా? భయపడకు, నేను చదవను. నాకా జబ్బు లేదు."

రెండోదాని దగ్గర సవరణ ప్రతిపాదించబోయాను. "చర్చకి కాదు, అమలుకి," అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

1. స్టూడియో గేటు ముందు నిలబడకూడదు. ఎదురు గోడ దగ్గర కూడా.

2. నేను గుమ్మంలోకి రాగానే గడియారం వైపు చూడకూడదు.

3. ఎవరు దింపారని అడగకూడదు. అడక్కుండా మొహం పెట్టడం కూడా అడగడమే.

4. నా సంచిలో కాగితాలు తీయకూడదు. తీసి, మళ్లీ తలకిందులుగా పెట్టకూడదు.

5. సౌండ్ ఇంజినీరుకి క్షమాపణ చెప్పాలి. వ్యాసంలో కాదు, నోటితో.

6. బండి ఎక్కాలనిపిస్తే నేనే ఫోన్ చేస్తాను. అప్పుడే రావాలి.

7. ఫోన్ చెయ్యని రోజు ఎందుకు చెయ్యలేదని అడగకూడదు.

8. వంకరపోయిన మడ్‌గార్డు మార్చుకోవచ్చు.

9. ఎడమ పక్క ముట్టుకోకూడదు. అది అలాగే ఉండాలి.